అట్ట కింద

సూర్యాపేట కోర్టు నుంచి సమన్లు రాగానే సేటు నన్ను గదిలోకి పిలిచాడు. బీరువాలోంచి ఎనిమిది జీతాల రిజిస్టర్లు తీయించి బల్ల మీద పెట్టించాడు.

"పట్టుకపో. మనం రాసిందే మనకు సాక్ష్యం. అడిగినదానికి అవునను, చాలు," అన్నాడు. బస్సు చార్జీలకని ఐదు వందలు చేతిలో పెట్టాడు.

మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో నేను గుమస్తాను. ఆ ఎనిమిది రిజిస్టర్లూ నా చేతిరాతే. కేసు మా మిల్లులో బస్తాలు కుట్టిన మనిషిది. 2023 ఫిబ్రవరిలో సూర్యాపేట దగ్గర హైవే మీద లారీ కొట్టి పోయాడు. భార్య, ఇద్దరు పిల్లలు కోదాడలో ఉంటారు. నష్టపరిహారం కోసం దావా వేశారు. పోయిన మనిషి జీతం ఎంతో తేలితే తప్ప పరిహారం తేలదు. అందుకే నాకు పిలుపు.

అతను మా దగ్గర చేరింది 2015 జూన్‌లో. అప్పటికి ముప్పై ఏళ్లు. ఎడమ కాలు పోలియోకు పోయింది. మన దేశంలో పల్స్ పోలియో చుక్కలు మొదలైంది 1995లో. అతను పుట్టింది 1985లో. జ్వరం వచ్చింది, తగ్గింది, కాలు సన్నబడింది. తన కథ అతను అంతకంటే పొడుగ్గా ఎప్పుడూ చెప్పలేదు. మోకాలి మీద చెయ్యి ఆనించి, ఆ చేత్తోనే కాలిని ముందుకు తోసుకుంటూ నడిచేవాడు.

మిల్లులో అతని పని బస్తా మూతి కుట్టడం. కుట్టు మిషను పైనుంచి తాడుకు వేలాడుతుంటుంది. యాభై కిలోలు తూకం పడ్డ బస్తా ముందుకు వస్తుంది. మూతి మడిచి, ట్యాగు పెట్టి, మిషను పట్టుకుని ఒక్క లాగు లాగాలి. దారం తెంపాలి. అంతలో ఇంకో బస్తా వస్తుంది. స్టూలు మీద కూర్చుని చేసే పని. చేతులు ఆడాలి, చూపు నిలవాలి. కాలితో పనే లేదు.

మా మిల్లులో రెండు లైన్లు. రెండో లైనులో ఇంకొకతను కుట్టేవాడు. సాయంత్రం ఇద్దరి లెక్కా నేనే రాసుకునేవాణ్ని. ఇద్దరిదీ ఇంచుమించు సమానం. సీజన్‌లో ఇతనిదే ఓ ఇరవై ముప్పై బస్తాలు ఎక్కువ ఉండేది. సర్కారు వడ్లు ఆడించి బియ్యం గోదాముకు పంపితే, అక్కడ మూతి విచ్చిన బస్తా వెనక్కి వస్తుంది. ఇతను కుట్టిన బస్తా ఒక్కటీ వెనక్కి రాలేదు.

చేరిన రోజు సేటు అతని సదరం సర్టిఫికెట్ అడిగి తీసుకున్నాడు. కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు.

"అరవై శాతం అని సర్కారు డాక్టరే రాసిండు. అంటే నువ్వు పని చేసేది నలభై శాతం. జీతం కూడా నలభై శాతం. ఆర్టీసోడు సుత నీకు సగం టికెట్టే గద కొట్టేది. పైగా నీకు పింఛనొస్తది."

పింఛను అప్పుడు పదిహేను వందలు. అతను తలూపాడు. అప్పటికి కోదాడలో రెండు చోట్ల, హుజూర్‌నగర్‌లో ఒక చోట పని అడిగి, కాలు చూసి వద్దంటే తిరిగొచ్చిన మనిషి.

ఆ నెల జీతాలు రాసేటప్పుడు చిక్కు వచ్చింది. లేబర్ ఆఫీసు వాళ్లు చూసే రిజిస్టరులో నలభై శాతం జీతం రాస్తే కనీస వేతనం కంటే తక్కువ పడుతుంది. సేటు ఆడిటరును అడిగాడు. 1948 నాటి కనీస వేతనాల చట్టంలో 26వ సెక్షన్ ఒకటి ఉందని ఆడిటరు చెప్పాడు. వికలాంగులకు ఆ చట్టం వర్తించదని ప్రభుత్వం ఆర్డరు ఇవ్వొచ్చు. అయితే ఆ ఆర్డరు ప్రభుత్వం ఇవ్వాలి. యజమాని తనంతట తాను కోసుకోవడానికి లేదు.

"ఆర్డరు కోసం ఎవడు తిరుగుతడు? రిజిస్టరులో అందరికీ రాసినట్టే పూర్తిగా రాయి," అన్నాడు సేటు నాతో.

పూర్తిగా రాశాను. ఆ మొదటి నెల రిజిస్టరులో ఎనిమిది వేలు. కవరులో పెట్టింది మూడు వేల రెండు వందలు.

సంతకం పెట్టేటప్పుడు అంకె కనబడకూడదు. సేటు కూతురి పెళ్లి పత్రికలు కొన్ని మిగిలి ఆఫీసులో పడి ఉన్నాయి. దళసరి అట్ట, మీద బంగారు రంగు వినాయకుడు. ఒకటి తీసుకుని రెండు వేళ్ల వెడల్పున నిలువుగా కత్తిరించాను. జీతం గడి మీద ఆ అట్ట ఆనించి, పక్కన స్టాంపు మీద వేలు పెట్టి చూపించేవాణ్ని. వినాయకుడి తొండం సగానికి తెగి ఆ ముక్క మీదే ఉండిపోయింది.

అతను కూర్చునేదాకా ఆగి సంతకం పెట్టేవాడు. నిలబడి పెడితే ఒళ్లు ఊగి అక్షరం వంకర పోతుందని. తెలుగులో, గుండ్రంగా, బళ్లో నేర్చుకున్నట్టే. చివరి అక్షరం దీర్ఘాన్ని స్టాంపు అంచు దాకా లాగి, దాని కింద రెండు చుక్కలు పెట్టేవాడు.

ఒకసారి అడిగాడు.

"అన్నా, ఐదు వేలు దాటితేనే స్టాంపు అంటించాలంట గద. పోస్టాఫీసుల చెప్పిండ్రు. నాకు ఇచ్చేది నాలుగు వేల చిల్లర. నాకెందుకు స్టాంపు?"

"ఆఫీసు పద్ధతి," అన్నాను.

"అట్ట కింద ఏముంటదన్నా?"

"ఆఫీసు లెక్కలు."

నవ్వి సంతకం పెట్టాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

వారమంతా మిల్లులోనే పడుకునేవాడు. ఖాళీ గోనెసంచుల గది పక్కన వాచ్‌మన్ మంచం ఒకటి ఉంటే దాని మీద. శనివారం సాయంత్రం హుజూర్‌నగర్ మీదుగా కోదాడ బస్సు ఎక్కేవాడు. సోమవారం పొద్దున మళ్లీ దిగేవాడు. బియ్యం గడువు దగ్గర పడినప్పుడు రెండు మూడు వారాలు ఇంటికి పోయేవాడు కాదు. జీతం కవరు మాత్రం విప్పకుండా తీసుకుపోయి భార్య చేతిలో పెట్టేవాడు. టీకి, బీడీకి పైసలు ఆమె దగ్గర అడిగి తీసుకునేవాడు.

2019లో పింఛను మూడు వేల పదహారు అయింది. ఆ ఏడే కోదాడలో వికలాంగుల సంఘం వాళ్లు ఎవరో అతనికి చట్టం చెప్పారు. 2016లో కొత్త చట్టం వచ్చిందని, అది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉందని, వైకల్యం చూసి మనిషిని తక్కువ చేయడానికి లేదని. కనీస వేతనం కంటే తక్కువ ఇస్తే లేబర్ అధికారికి ఆరు నెలల లోపల అర్జీ పెట్టుకోవచ్చని. తక్కువ పడ్డదంతా ఇప్పిస్తారని, దాని మీద పది రెట్ల దాకా పరిహారం కూడా వేయొచ్చని.

సోమవారం బస్సు దిగి నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నాకు నెలకు ఎంతిస్తున్నరో ఒక కాగితం మీద రాసియ్యవా?"

"సేటును అడుగు," అన్నాను.

సేటును అడిగితే ఏమవుతుందో అతనికీ తెలుసు, నాకూ తెలుసు. పోయి మిషను దగ్గర కూర్చున్నాడు. ఆ రోజు నేను పద్దులో ఏం రాశానో గుర్తు లేదు. అతను నా బల్ల ముందు ఎంతసేపు నిలబడ్డాడో గుర్తుంది. కూర్చోమని నేను అనలేదు.

తర్వాత మూడేళ్లకు అతను వేరే దారి వెతికాడు. మీసేవలో సదరం స్లాటు బుక్ చేసుకున్నాడు. క్యాంపు సూర్యాపేట ఆసుపత్రిలో. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, డాక్టరు తగ్గియ్యనన్నడు."

"ఏం తగ్గించడు?"

"శాతం. అరవై ఉన్నదాన్ని నలభై చేయమన్న. నలభై ఉంటే పింఛను పోదు. సేటు లెక్కల నాకు అరవై శాతం జీతం పడతది. రెండు వేల నాలుగు వందలు ఎక్కువొస్తయి. పెద్దదాని ఫీజుకు సరిపోతయి."

అతను వేసిన లెక్క సరిగ్గా ఉంది. అప్పటికి రెండో లైను కుట్టే అతని జీతం పన్నెండు వేలు. ఇతనికి చేతికి వచ్చేది నాలుగు వేల ఎనిమిది వందలు. అరవై శాతమైతే ఏడు వేల రెండు వందలు.

"డాక్టరు ఏమన్నడు?"

"కలం పక్కన పెట్టిండన్నా. అందరూ పెంచమని కాళ్లు పట్టుకుంటరు, తగ్గించమనేటోన్ని నిన్నే చూస్తున్న అన్నడు. ఎందుకని అడిగితే చెప్పిన. శానాసేపు ఏం మాట్లాడలే. ఇది నీ కాలు లెక్కనయ్యా, నీ పని లెక్క కాదు, మీ సేటుకు చెప్పు అన్నడు." కాస్త ఆగాడు. "నేను చెప్తే ఏం బాగుంటది. నువ్వు ఒక మాట చెప్పరాదన్నా?"

"రా, వచ్చినంక మాట్లాడదాం," అన్నాను.

గంటన్నర తర్వాత అదే నంబరు నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. మాట్లాడింది కానిస్టేబులు. హైవే దాటుతుంటే లారీ కొట్టిందని, చివరి నంబరు మీదే ఉందని చెప్పాడు. జేబులో కొత్త సర్టిఫికెట్ కాగితాలు ఉన్నాయట. అరవై శాతమే.

సేటు దహనానికి పది వేలు పంపాడు. ఆ నెల పదకొండు రోజుల జీతం లెక్క కట్టమన్నాడు. నలభై శాతం చొప్పున కట్టాను.

కేసు సూర్యాపేటలో పడింది. అదే పని చేసే ఇంకొకతని జీతం కనుక్కుని, నెలకు పన్నెండు వేలని అతని భార్య తరఫు వకీలు పిటిషనులో రాశాడు. మొదటి సాక్షి ఆమె. క్రాస్‌లో ఇన్సూరెన్సు వకీలు ఒకే ఒక్క ప్రశ్న గట్టిగా అడిగాడట.

"మీ ఆయన నెలకు ఎంత తెచ్చిచ్చేవాడమ్మా?"

"నాలుగు వేల ఎనిమిది వందలు."

"ఇంకేమైనా ఉంచుకునేవాడా?"

"లేదయ్యా. అంతా నా చేతికే ఇస్తుండె."

ఆయన రాసుకుని కూర్చున్నాడు. వాళ్ల వకీలు తల పట్టుకున్నాడు. ఆ తర్వాతే మా మిల్లుకు సమన్లు.

నేను రిజిస్టర్ల సంచి భుజాన వేసుకుని వరండాలోకి వచ్చేసరికి ఆ వకీలు నా కోసమే చూస్తున్నాడు. పక్కకు తీసుకెళ్లి ఒక రిజిస్టరు తెరిపించాడు. పన్నెండు వేల అంకె చూశాడు, పక్కన సంతకం చూశాడు. గట్టిగా ఊపిరి వదిలాడు. తర్వాత నా మొహం చూశాడు. ఇన్నేళ్లు వకాల్తాలు చేసిన మనిషి. సంగతి అర్థమైంది.

జేబులోంచి కాగితం తీసి లెక్క వేసి చూపించాడు.

"పన్నెండు వేలైతే, నలభై ఏళ్ల లోపు వయసు కాబట్టి నలభై శాతం కలుపుతారు. పదహారు వేల ఎనిమిది వందలు. ఏడాదికి రెండు లక్షల పదహారు వందలు. సొంత ఖర్చు కింద మూడో వంతు తీసేస్తే లక్షా ముప్పై నాలుగు వేల నాలుగు వందలు. ముప్పై ఎనిమిదేళ్లకు పదిహేను రెట్లు. ఇరవై లక్షల పదహారు వేలు. సుప్రీంకోర్టు కట్టి పెట్టిన లెక్క ఇది. సర్లా వర్మ కేసు 2009లో, ప్రణయ్ సేఠీ కేసు 2017లో."

దాని కింద ఇంకో గీత గీశాడు.

"నాలుగు వేల ఎనిమిది వందలకు ఇదే లెక్క. ఎనిమిది లక్షల ఆరు వేల నాలుగు వందలు."

రెండు అంకెల మధ్య కలంతో రెండు సార్లు కొట్టాడు.

"మధ్యలో పన్నెండు లక్షలు ఉన్నాయి. ఇద్దరు ఆడపిల్లలు. మీరు బోనులో ఏం చెప్తారో మీ ఇష్టం. ఒక్కటి మాత్రం చెప్తున్నా. తీర్పు వచ్చేదాకా ఆమెకు కూడా ఏమీ చెప్పొద్దు. మళ్లీ పిలిచి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తుంది. అబద్ధం రాని మనిషి."

ఆమె వరండా చివర, గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నన్ను చూసి కొంగు సర్దుకుని, "బాగున్నవా అన్నా," అంది. అతను ఫోన్‌లో నన్ను అన్నా అని పిలుస్తుంటే విని, ఆమె కూడా అలాగే పిలుస్తుంది.

పదకొండున్నరకు పిలిచారు. బోనెక్కి ప్రమాణం చేశాను. దేవుని ఎదుట అంతా నిజమే చెప్తానన్నాను. బెంచి క్లర్కు రిజిస్టర్లు ఒక్కొక్కటీ తీసుకుని మార్కు చేస్తున్నాడు. ఆఖరిది తెరవగానే అందులోంచి అట్ట ముక్క జారి కింద పడింది. అతను వంగి తీశాడు. ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. సగం తెగిన వినాయకుడు. పేజీ గుర్తుకు పెట్టుకున్నదనుకుని మళ్లీ జాగ్రత్తగా అదే పేజీలో పెట్టాడు.

"ఈ రిజిస్టర్లు రాసింది మీరేనా?"

"నేనే సార్."

"ఇందులో రాసిన జీతాలు నిజమేనా?"

వకీలు నా వైపు చూడలేదు. ఆమె చూస్తోంది.

"నిజమే సార్."

ఇన్సూరెన్సు వకీలు లేచాడు. సదరం సర్టిఫికెట్ నకలు చేతిలో ఉంది.

"ఇతను అరవై శాతం వికలాంగుడు. తెలుసా?"

"తెలుసు సార్."

"రెండు కాళ్లు బాగున్న మనిషికి ఎంతిచ్చారో ఇతనికీ అంతే ఇచ్చారు. కోర్టును నమ్మమంటారా?"

"పని సమానం సార్. ఒక్కోరోజు ఇతనిదే ఎక్కువ. నా దగ్గర లెక్క ఉంది."

"పని గురించి అడగలేదు. అరవై శాతం శక్తి లేని మనిషికి నూరు శాతం జీతం ఏ యజమాని ఇస్తాడు?"

నేను మాట్లాడకముందే వాళ్ల వకీలు లేచాడు. కాలు ఎంత శాతం పోయిందన్నది వేరు, సంపాదన ఎంత శాతం పోయిందన్నది వేరని సుప్రీంకోర్టు 2010లోనే తేల్చిందన్నాడు. రాజ్‌కుమార్, అజయ్‌కుమార్ కేసు. ఎడమ చెయ్యి తెగిపోతే డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువే పోవచ్చు, సర్కారు ఆఫీసులో గుమస్తా గుమస్తాగానే ఉండవచ్చు అని అందులో రాసి ఉందని చెప్పాడు. ఇక్కడ మనిషి కుట్టింది చేతులతో అన్నాడు. 2016 చట్టం సంగతీ చెప్పాడు.

జడ్జిగారు తల ఎత్తి ఇన్సూరెన్సు వకీలు వైపు చూశారు.

"సర్టిఫికెట్‌లో శాతం చూసి జీతం కోస్తారా ఎక్కడైనా? ఏ చట్టం ఒప్పుకుంటుందండీ?"

తెలుగులోనే అన్నారు. కోర్టు హాలంతా వినబడింది.

ఇన్సూరెన్సు వకీలు దారి మార్చాడు. సంతకాలు ఆ మనిషివే అని ఏం నమ్మకం అన్నాడు. వాళ్ల వకీలు అనుమతి అడిగి ఆమెను మళ్లీ పిలిపించాడు.

ఆమె చెప్పులు విడిచి వచ్చింది. బెంచి క్లర్కు మొదటి రిజిస్టరు తెరిచి ఆమె ముందు పెట్టాడు. ఆమె సంతకం మీద వేలు పెట్టింది. దీర్ఘం వెంబడి వేలు జరిపి, రెండు చుక్కల దగ్గర ఆపింది.

"ఆయనదే," అంది.

ఇంకో పేజీ. "ఆయనదే." ఇంకో పేజీ. తొంభై రెండు నెలలు, తొంభై రెండు సంతకాలు. ఆమె తొందరపడలేదు. ఒక్కొక్క దాని మీదా వేలు పెట్టి చూసింది. మూడో రిజిస్టరుకు వచ్చేసరికి వేలు సంతకం దగ్గర ఆగడం మానేసింది. పక్క గడిలోకి, అంకె మీదికి జరిగింది. ఏడో తరగతి చదివిన మనిషి. అంకెలు వస్తాయి. అట్ట ఆఖరి రిజిస్టరులో ఉంది. ఈ గడుల మీద ఏమీ లేదు.

ఆఖరి రిజిస్టరు ఆఖరి పేజీ దగ్గర చాలాసేపు ఆగింది. పన్నెండు వేలు. పక్కన సంతకం. అది 2023 జనవరి జీతం. అతను ఇంటికి తెచ్చిన ఆఖరి కవరు.

"ఈ సంతకాలు అన్నీ మీ భర్తవేనా?"

"అన్నీ ఆయనవే," అంది.

ఇన్సూరెన్సు వకీలు ఇంకేమీ లేదన్నాడు. జడ్జిగారు తీర్పుకు తేదీ వేశారు.

బయట వాళ్ల వకీలు నా చెయ్యి పట్టుకుని ఊపాడు. పని అయిపోయినట్టే అన్నాడు. ఇంకో కేసు పిలుస్తున్నారని గౌను సర్దుకుంటూ వెళ్లిపోయాడు.

బస్టాండు దాకా ఆమె, నేను కలిసే నడిచాం. ఆమె మాట్లాడలేదు. నేను సంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాను. బస్టాండులో టీ చెప్పాను. గ్లాసు పట్టుకుని బెంచీ మీద కూర్చుంది. తాగలేదు.

"అన్నా, రిజిస్టరు నువ్వే రాసినవు గదా."

"అవునమ్మా."

"అందుల ఉన్నదే నిజమా?"

తీర్పు రావడానికి ఇంకా మూడు వారాలు ఉంది. వకీలు గీసిన రెండు గీతలు కళ్ల ముందున్నాయి.

"నిజమేనమ్మా."

ఆమె తల ఊపింది.

"నలభై శాతమే ఇస్తరు అని చెప్తుండె నాకు. కాలు బాగలేదని కోస్తరంట. ఎనిమిదేండ్లు అదే మాట. నేను నమ్మిన. పెద్దదాన్ని బడి మాన్పిస్త అంటే ఏడ్చిండు గానీ, ఇంకో రూపాయి తేలే." గ్లాసు కింద పెట్టింది. "ఇయ్యాల జడ్జిసారే అన్నడు గదా. అట్ల ఎక్కడా కొయ్యరని."

కోదాడ బస్సు వచ్చి ఆగింది. జనం లేచారు. ఆమె కూడా లేచి, కాగితాల కవరు చంకలో పెట్టుకుంది.

"నెలకు ఏడు వేల రెండు వందలు," అంది.

నేను ఏదో అనబోయాను. మాట రాలేదు. ఆమె బస్సు దాకా పోయింది. మెట్టు మీద కాలు పెట్టి, ఆగి, దిగింది. వెనక్కి వచ్చి నా ముందు నిలబడింది. కోపం లేదు. కొంగుతో మొహం తుడుచుకుని మెల్లగా అడిగింది.

"మిర్యాలగూడల ఉన్న ఆమెకు పిల్లలెందరన్నా?"